దర్శకుడు మనవాడేనా?

2014 డిసెంబరులో, అంతరిక్ష నౌక సిబ్బంది సాహసాల అమెరికన్ టీవీ, సినిమా సిరీస్ అయిన స్టార్ ట్రెక్‌లోని పదమూడవ చిత్రానికి జస్టిన్ లిన్‌ను దర్శకుడిగా ఎంపిక చేశారన్న వార్త చదివి ముఖం చిట్లించుకున్న అభిమానులలో నేనొకదాన్ని. అంతకు ముందు ఆ బాధ్యత, మునుపటి రెండు చిత్రాల రచయితలలో ఒకరైన రాబర్టో ఓర్చీకి దక్కింది. ఆయన దర్శకత్వం నుంచి తప్పుకున్న కొద్ది రోజులకే, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ అనే కార్ల పందేల సిరీస్‌లో నాలుగు చిత్రాలు తీసిన లిన్ పేరు బయటికి వచ్చింది. ఓర్చీ మీద మాకు ప్రేమేమీ లేదు. అయినా ఆయన కనీసం మా ఊసు తెలిసిన మనిషి అనిపించేది, లిన్ మాత్రం పూర్తిగా పొరుగింటివాడిగా కనిపించాడు.

ఆ రోజుల్లో సాగిన వాదం మొత్తం ఒకే ఇరుసు మీద తిరిగింది. వ్యతిరేకించినవారు చెప్పినదేమిటంటే, ఈ సిరీస్‌కు ప్రాణం వేగం కాదు, సందిగ్ధం. ఓడ నడిపే కెప్టెన్ ఆయుధాన్ని తీయడానికి ముందు ఇద్దరు మిత్రుల పరస్పర విరుద్ధమైన సలహాలు విని, ఏది చేసినా ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పదని తెలిసి నిర్ణయం తీసుకోవడంలోనే దాని అందమంతా ఉంది. సమర్థించినవారు, 2006లో దాదాపు చేజారిపోతున్న కార్ల సిరీస్‌ను చేతిలోకి తీసుకుని 2011 నాటికి దాన్ని పదిమంది కలిసి నడిచే బృందకథగా మార్చినవాడికి ఓడ సిబ్బందిని ఎలా నడపాలో తెలియకుండా ఉంటుందా అని అడిగారు. ఇక మూడో వర్గం ఒకటి ఉండేది. 2009లో సిరీస్‌ను మళ్ళీ మొదలుపెట్టిన జే.జే. ఏబ్రమ్స్, తనకు చిన్నప్పటి నుంచి దీనికి పోటీ అంతరిక్ష సిరీస్ అయిన స్టార్ వార్స్ మీదే మక్కువ ఎక్కువని దాచుకోకుండా చెప్పడం, ఆ తరువాత అక్కడికే వెళ్ళిపోవడం చూసి విరక్తి చెందినవారు వీరు. ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నది వారి ధోరణి.

నేను మొదటి వర్గంలో గట్టిగా నిలబడి మాట్లాడుతూ ఉండగా మా తమ్ముడు ఒక్కటే అడిగాడు: "అక్కా, నువ్వు ఆయన తీసిన సినిమా ఒక్కటైనా చూశావా?" చూడలేదు. కార్ల సిరీస్‌లోని ఒక్క భాగం కూడా చూడకుండా, అందులో ఏముంటుందో నాకు తెలుసన్న ధీమాతోనే అన్నాళ్ళూ వాదించాను. పరువు దక్కించుకోవడానికి ఆయన 2002లో తీసిన బెటర్ లక్ టుమారో వెతికి చూశాను. బాగా చదివే, మంచి మార్కులు తెచ్చుకునే ఆసియా అమెరికన్ కుర్రాళ్ళు క్రమంగా నేరాల్లోకి జారిపోయే కథ అది. చిన్న బడ్జెట్ చిత్రం, అరుపులు లేని చిత్రం. సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో దాని ప్రదర్శన తరువాత ప్రేక్షకులలో ఒకరు లేచి, మీ సమాజాన్ని ఇంత నీతి లేనిదిగా ఎందుకు చూపించారని నిలదీశారు. అప్పుడు విమర్శకుడు రోజర్ ఈబర్ట్ తన సీట్లోంచి లేచి, తెల్లవారైన దర్శకులను ఈ ప్రశ్న ఎవరూ అడగరనీ, ఈ పాత్రలకు తమకు నచ్చినట్టు ఉండే హక్కు ఉందనీ గట్టిగా సమాధానమిచ్చాడు. నువ్వు ఇలాంటి సినిమానే తియ్యాలి అని ఇతరులు నిర్ణయించడాన్ని ఆ దర్శకుడు తన తొలి రోజుల్లోనే ఎదుర్కొన్నాడని తెలిశాక, నా వాదం కూడా దాదాపు ఆ ప్రేక్షకుడి వాదమేనని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

అప్పటి నుంచి నన్ను వేధించిన ప్రశ్న వేరు. కొత్త దర్శకుడు మనవాడా కాదా అన్న గీటురాయి ఈ సిరీస్ చరిత్రలో ఎప్పుడైనా నిజం చెప్పిందా?

1979లో వచ్చిన తొలి చిత్రానికి దర్శకుడు రాబర్ట్ వైజ్. వెస్ట్ సైడ్ స్టోరీ, ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ వంటి చిత్రాలకు ఆస్కార్లు అందుకున్నవాడు, 1951లోనే ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్ తీసి సైన్స్ ఫిక్షన్‌లో కూడా చేయి తిరిగినవాడు. కాగితం మీద ఇంతకంటే గొప్ప ఎంపిక ఉండదు. కానీ 1978 ఆగస్టులో చిత్రీకరణ మొదలయ్యే నాటికి కథ చివరి భాగం తేలనే లేదు, సెట్లో నటులు నిలబడి ఉండగానే పేజీలు మారుతూ వచ్చాయి. స్పెషల్ ఎఫెక్ట్స్ అప్పగించిన సంస్థను మధ్యలో తప్పించి, డగ్లస్ ట్రంబుల్, జాన్ డైక్‌స్ట్రా బృందాలను పరుగుపరుగున పిలిపించవలసి వచ్చింది. 1979 డిసెంబరు 7న విడుదల చేస్తామని పారమౌంట్ సంస్థ థియేటర్లకు మాట ఇచ్చేసింది కాబట్టి తేదీ జరిగే ప్రశ్నే లేదు. ప్రేక్షకులకు ముందుగా చూపించి సరిదిద్దుకునే అవకాశం కూడా లేకుండా, అప్పుడే ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటును వైజ్ స్వయంగా వాషింగ్టన్‌లోని తొలి ప్రదర్శనకు తీసుకువెళ్ళాడు. ఆయన తృప్తిపడిన రూపం 2001లో గానీ డీవీడీగా రాలేదు. ఈ చిత్రం నెమ్మదిగా నడుస్తుందని దశాబ్దాలుగా విసుక్కుంటున్నవారిలో, తప్పు వైజ్‌దా క్యాలెండర్‌దా అని ఆలోచించినవారు తక్కువ.

దాని తరువాతి చిత్రం కథ మరీ విచిత్రం. మొదటిదానికి 4 కోట్ల డాలర్లు దాటిన ఖర్చుకు బెదిరిన పారమౌంట్, రెండవదాన్ని సుమారు 1.2 కోట్లలో ముగించాలని టెలివిజన్ నుంచి హార్వ్ బెనెట్ అనే నిర్మాతను తెచ్చింది. ఆయన కూర్చుని పాత సిరీస్ ఎపిసోడ్లన్నీ చూసి, 1967 నాటి ఒక ఎపిసోడ్‌లోని ఖాన్ అనే ప్రతినాయకుణ్ణి ఏరుకున్నాడు. దర్శకుడిగా వచ్చిన నికొలస్ మేయర్‌కు స్టార్ ట్రెక్ ఏమిటో సరిగా తెలియదు, అభిమానం అసలే లేదు. ఈ కాలంలోనైతే ఆ ఒక్క ముక్క బయటపడగానే మేమందరం ఆయనను చీల్చి చెండాడేవాళ్ళం. అయితే మేయర్ తనకు తెలిసిన ద్వారం ఒకటి వెతుక్కున్నాడు. నౌకాదళ కెప్టెన్ హొరేషియో హార్న్‌బ్లోవర్ సాహసాల నవలలు ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం, ఇది కూడా అంతరిక్షంలో నడిచే నౌకాదళ కథే కదా అని ఆయనకు తోచింది. సిరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ తన కెప్టెన్‌ను ఊహించుకున్నది కూడా ఆ హార్న్‌బ్లోవర్‌నే మనసులో పెట్టుకుని. అభిమానుల దారిలో రానివాడు మరో వైపు నుంచి నడిచి సరిగ్గా మూలం దగ్గరికే చేరాడు.

అప్పటికి చేతిలో ఉన్నవి ఒకదానికొకటి పొసగని అయిదారు చిత్తు స్క్రిప్టులు. ఎవరికి ఏ స్క్రిప్టులో ఏది నచ్చిందో జాబితా రాయించుకుని, ఆ ముక్కలన్నిటినీ కలుపుతూ మేయర్ 12 రోజుల్లో కొత్త స్క్రిప్టు రాశాడు. దానికి డబ్బు తీసుకోలేదు, రచయితగా పేరు కూడా వేసుకోలేదు. ఇంతలో, ఓడ కెప్టెన్ కర్క్‌కు ఆప్తమిత్రుడైన స్పాక్ చనిపోతాడన్న సంగతి బయటికి పొక్కి అభిమానులు మండిపడ్డారు. మేయర్ వారిని బుజ్జగించలేదు, లొంగిపోనూ లేదు. చిత్రం మొదలైన కొద్ది నిమిషాలలోనే ఒక శిక్షణ పరీక్షలో స్పాక్ ఉత్తుత్తిగా చనిపోయినట్టు చూపించాడు. ఓహో, విన్న పుకారు ఇదేనన్నమాట అని ప్రేక్షకులు ఊపిరి పీల్చుకున్నాక, అసలు మరణాన్ని చివర్లో పెట్టాడు. అభిమానుల ఆగ్రహాన్ని కథలోకే మలుచుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1982లో వచ్చిన ఆ చిత్రాన్నే ఇప్పటికీ చాలామంది ఈ సిరీస్‌లో మొదటి స్థానంలో నిలబెడతారు.

అలాగని బయటివాడైతే చాలునని చెప్పడానికీ వీల్లేదు. 2002 నాటి పదవ చిత్రానికి స్టువర్ట్ బెయిర్డ్‌ను పెట్టారు. సూపర్‌మ్యాన్ వంటి చిత్రాలకు పనిచేసిన పేరున్న ఎడిటర్ ఆయన, సిరీస్‌తో పరిచయం లేనివాడు, మేయర్‌లాగానే. కానీ ఆయన ఆ పరిచయం పెంచుకోవడానికి ప్రయత్నించలేదని నటీనటులలో కొందరు తరువాత బహిరంగంగానే చెప్పుకున్నారు. చిత్రం దెబ్బతిన్నది, తరువాతి టీవీ సిరీస్ నుంచి వచ్చిన కెప్టెన్ పికార్డ్ బృందం వెండితెర ప్రయాణం అక్కడితో ఆగిపోయింది, మళ్ళీ స్టార్ ట్రెక్ థియేటర్లకు రావడానికి ఏడేళ్ళు పట్టింది.

లోపలివారి సంగతీ అంతే. స్పాక్ పాత్రధారి లెనార్డ్ నిమోయ్ దర్శకత్వంలో 1986లో వచ్చిన నాలుగవ చిత్రం ఘన విజయం. కర్క్ పాత్రధారి విలియం షాట్నర్ 1989లో తీసిన అయిదవది అభిమానులే తలచుకోవడానికి ఇష్టపడనిది. అక్కడ కూడా రచయితల సమ్మె, చివరి ఘట్టానికి అవసరమైన ఎఫెక్ట్స్‌కు డబ్బు చాలకపోవడం వంటివి ఉన్నాయి గనుక షాట్నర్ మీద నాకు కాస్త జాలి ఉంది. జొనాథన్ ఫ్రేక్స్ 1996లో తీసినది మెప్పు పొందింది, 1998లో తీసినది చప్పగా మిగిలింది. ఆయన రెండేళ్ళలో పరాయివాడైపోలేదు కదా.

ఇదంతా తవ్వి చూశాక నాకు మిగిలిన అభిప్రాయం ఒక్కటే: దర్శకుడి పేరు ప్రకటించిన రోజున అడగవలసిన ప్రశ్న ఆయన మనవాడేనా అని కాదు, స్క్రిప్టు ఎంతవరకు వచ్చింది, విడుదల తేదీ ఎంత దూరంలో ఉంది అని. లిన్ విషయంలో ఈ లెక్క భయపెట్టవలసినదే. రచయితలు సైమన్ పెగ్, డగ్ జంగ్ 2015 జనవరిలో కొత్త కథ మొదలుపెట్టారు. జూన్‌లో వాంకూవర్‌లో చిత్రీకరణ మొదలైంది. సిరీస్ పుట్టి యాభై ఏళ్ళు నిండే 2016లోనే చిత్రం రావాలి. మేమందరం ఆయన పాత కార్ల గురించి పోట్లాడుకున్నామే తప్ప ఈ ఆర్నెల్ల గడువు గురించి ఎవరమూ మాట్లాడలేదు.

2015 డిసెంబరులో మొదటి ట్రైలర్ వచ్చింది. మోటారుసైకిలు, గంతులు, నేపథ్యంలో బీస్టీ బాయ్స్ అనే హిప్‌హాప్ బృందం పాట. చెప్పానా లేదా అని మా వర్గం చప్పట్లు చరిచింది. చిత్రంలో ఇంకా చాలా ఉందని, ట్రైలర్ ప్రచార విభాగం ఎంపిక అని పెగ్ నచ్చజెప్పవలసి వచ్చింది. తీరా 2016 జులైలో సినిమా చూస్తే, ఆ పాటే కథలో ఒక మలుపు. గుంపుగా వచ్చి మీదపడే వేలాది చిన్న నౌకల మధ్య సంకేతాలను చెదరగొట్టడానికి దానిని ప్రసారం చేస్తారు. వాళ్ళ ఓడ ఎంటర్‌ప్రైజ్ మొదట్లోనే ముక్కలై, సిబ్బంది తెలియని గ్రహం మీద ఇద్దరిద్దరుగా చెల్లాచెదురవుతారు. గాయపడిన స్పాక్‌ను మోస్తూ విసుక్కునే డాక్టర్ మెకాయ్ సన్నివేశాల్లో, పాత సిరీస్‌లో నేను వెతుక్కునేదంతా దొరికింది. అంతకు ముందు ఏడాది మరణించిన నిమోయ్‌ను తలచుకుంటూ, కుర్ర స్పాక్ ఒక పెట్టె తెరిచి పాత సిబ్బంది ఫోటో చూసే చోట నేను మాట్లాడే స్థితిలో లేను. చిన్నప్పుడు, తల్లిదండ్రులు తమ హోటల్ పని ముగించుకుని వచ్చాక రాత్రిపూట కుటుంబమంతా కలిసి ఈ సిరీస్ పునఃప్రసారాలు చూసేవాళ్ళమని లిన్ చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మనవాడు కాదని మేము తోసిపుచ్చినవాడు నిజానికి మాలాంటివాడే. అయినా ఆ చిత్రం నిలబడింది అందువల్లనేనని వాదించను, ఎందుకంటే అందులోని లోపం కూడా తొందర నుంచి పుట్టిందే: ప్రతినాయకుడు క్రాల్ పగకు కారణమేమిటో చివరి ఘట్టం దాకా తెలియదు, తెలిసేసరికి దాన్ని అనుభవించే సమయం ఉండదు. ఇంకో ఆర్నెల్లు ఉంటే పెగ్, జంగ్ దాన్ని సరిచేసేవారనే నా నమ్మకం.

వసూళ్ళు 34 కోట్ల డాలర్ల దగ్గర ఆగాయి, ముందు చిత్రం 46 కోట్లు దాటింది. ఆ తరువాత వాదం ఇంకో వింత దశకు చేరింది. 2018లో ఎస్.జే. క్లార్క్‌సన్, 2019లో నోవా హాలీ, 2021లో మ్యాట్ షాక్‌మన్ పేర్లు వరుసగా వచ్చాయి. మధ్యలో క్వెంటిన్ టరంటినో ఆలోచన ఒకటి అందరి నిద్ర చెడగొట్టింది. ప్రతి పేరుకూ మేము పక్షాలుగా చీలి పోట్లాడుకున్నాము, వారిలో ఒక్కరు కూడా చిత్రం తీయలేదు.

2024 జనవరిలో టోబీ హేన్స్ పేరు వచ్చినప్పుడు ఆయన మనవాడేనా అని మళ్ళీ మొదలైంది. స్టార్ వార్స్ టీవీ సిరీస్ ఆండోర్‌లోని జైలు ఎపిసోడ్లు తీసినవాడు గనుక అవతలి శిబిరం మనిషి అని కొందరు తేల్చేశారు. ఈసారి నేను ముందుగా ఆయన పని చూశాను. 2017లో బ్లాక్ మిరర్ అనే టీవీ సిరీస్ కోసం ఆయన తీసిన ఒక ఎపిసోడ్‌లో, అచ్చం స్టార్ ట్రెక్‌లాంటి పాత సిరీస్‌ను ఆరాధించే మనిషి ఒకడు, తన సహోద్యోగుల నకళ్ళను కంప్యూటర్‌లో బంధించి, ఆ సిరీస్ తనకు నచ్చిన పద్ధతిలోనే, ఒక్క మాట కూడా అటూఇటూ కాకుండా రోజూ ఆడిస్తూ ఉంటాడు. పక్కన కూర్చుని చూస్తున్న మా తమ్ముడు పది నిమిషాలు ఓపిక పట్టి, "అక్కా, ఈయన నిన్ను ఎక్కడ చూశాడు?" అన్నాడు.