వదలడానికి వెళ్ళి

గయకి వెళ్ళినవాళ్ళు అక్కడ మూడు వదిలేసి రావాలంటారు. ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు. ఇక బతికున్నంత కాలం వాటిని ముట్టకూడదు. నాన్న పోయిన రెండో ఏడు డిసెంబరులో, అక్షయవటం కింద కూర్చుని నేను కాకరకాయ అన్నాను, కివీ పండు అన్నాను. ఆకు దగ్గర ఆగిపోతే పురోహితుడు గారే అందించారు: "రావి ఆకు అనండి. అందులో ఎలాగూ ఎవరూ భోంచెయ్యరు." కాకరకాయ నేను ఊహ తెలిసినప్పటి నుంచీ తినలేదు. కివీ పండు పెళ్ళి భోజనాల్లో దూరం నుంచి చూడ్డమే. అందరూ చేసే పనేనని ఆయన ముఖం చూస్తేనే అర్థమైంది.

నా వెనక మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్న అమ్మని అడిగారు. "వంకాయ" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న ఉన్నన్నాళ్ళూ గుత్తివంకాయ లేని ఆదివారం మా ఇంట్లో లేదు. అమ్మకీ అంతే ఇష్టం. ఏమీ అడగలేకపోయాను.

ఆ రోజు పొద్దున మొదలైంది ఫల్గు నది ఒడ్డున. సీతమ్మ శాపం వల్ల ఆ నది ఇసుక కిందే పారుతుందని చిన్నప్పటి నుంచీ విన్న కథ. ఇసుక తవ్వి నీళ్ళు తీసుకోవాలేమో అనుకుంటూ వెళ్తే ఎదురుగా చెరువులా నిండుగా ఉంది. 2022లో రబ్బరు డ్యాము కట్టాక విష్ణుపాద ఆలయం ముందు నీళ్ళు నిలుస్తున్నాయి. అమ్మకి ఇది కొంచెం నిరాశే. "శాపం తీసేశారా ఏంటి?" అంది.

పిండాల్లో నన్ను కదిలించింది నాన్న పేరున పెట్టినది కాదు. చివర్లో ధర్మపిండాలని ఉంటాయి. వంశంలో సంతానం లేకుండా పోయినవాళ్ళు, ఎక్కడ పోయారో తెలియనివాళ్ళు, స్నేహితులు, ఇంట్లో పనిచేసినవాళ్ళు, పెంచిన పశువులు, అందరికీ తలా ముద్ద. మా టామీ గుర్తొచ్చింది. సిగ్గుపడుతూనే మనసులో దాని పేరూ అనుకున్నాను.

ఆఖరున గయావళీ పండా, అంటే గయలో వంశపారంపర్యంగా ఉండే పురోహితుడి దగ్గర సుఫలం, అంటే చేసిన కర్మ ఫలించిందన్న దీవెన తీసుకోవాలి. ఆ సుఫలం ధర దగ్గర పావుగంట బేరం నడిచింది, ఆ ముచ్చట ఇక్కడ వద్దు. కానీ ఆయన చెప్పించిన సంకల్పంలో ఒక మాట చెవిన పడింది: "బౌద్ధావతారే". కలియుగే, ప్రథమపాదే అని మనం ఇంట్లో చెప్పుకునే వరసలోనే ఇదీ చేరింది. అంటే మనం ఇప్పుడు బుద్ధావతార కాలంలో ఉన్నామని చెప్పి మరీ నాన్నకి పిండం పెట్టానన్నమాట. ఆ బుద్ధుడు జ్ఞానం పొందిన చెట్టు అక్కడికి 12 కిలోమీటర్ల దూరంలో, బోధ్‌గయలో ఉంది. గయామాహాత్మ్యంలో ఆ బోధివృక్షం కూడా పిండాలు పెట్టే చోటేనట. ఒక పూట చూసొద్దామని ఆటో ఎక్కాం. మూడు రోజులున్నాం.

మహాబోధి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోవాలి. మొదటి పావుగంట చెయ్యి ఊరికే జేబు తడుముకుంటుంది, తరవాత మర్చిపోతుంది. ఆలయం పల్లంలో ఉంటుంది. మెట్లు దిగుతూ చూస్తే దాదాపు 50 మీటర్ల గోపురం కింది నుంచి పైకి లేస్తున్నట్టుంటుంది. గర్భగుడిలో బంగారు పూత బుద్ధుడు, కుడిచెయ్యి కిందికి వదిలి వేళ్ళతో నేలని తాకుతూ. తపస్సు చెడగొట్టడానికి వచ్చిన మారుడు 'నీకు సాక్షి ఎవరు?' అని అడిగితే ఆయన దేవుళ్ళని పిలవలేదు, నేలని తాకాడు. ఇన్నాళ్ళూ కాలెండర్లలో ఆ బొమ్మ చూశాను గానీ ఆ చెయ్యి అలా ఎందుకుందో అక్కడే తెలుసుకున్నాను.

అమ్మకి గుడి వెనక ఉన్న చెట్టు నచ్చింది. కొమ్మలకి ఇనప ఊతకర్రలు పెట్టి నిలబెట్టారు. ఇది ఆనాటి చెట్టు కాదు. పాతది 1876లో గాలివానకి కూలిపోతే, తవ్వకాలు, మరమ్మతులు చేయించిన బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ దాని మొక్కనే మళ్ళీ నాటించాడు. చెట్టు మొదట్లో రాతి కంచె వెనక ఒక పలక, వజ్రాసనం. బుద్ధుడు కూర్చున్న చోటని గుర్తుగా అశోకుడు వేయించాడంటారు. దాని మీద ఎవరూ లేరు.

ఆ ఖాళీ పీట చూడగానే అమరావతి గుర్తొచ్చింది. మాది గుంటూరు. అమరేశ్వరుడి దర్శనం అయ్యాక నాన్న మమ్మల్ని తప్పకుండా మ్యూజియానికి తీసుకెళ్ళేవాడు. అక్కడి పాత శిల్పాల్లో చాలా వాటిలో బుద్ధుడుండడు. ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదాలు, చుట్టూ దణ్ణాలు పెట్టే జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకముందు అలాగే చూపించేవాళ్ళు. "కుర్చీలో ఎవరూ లేరేంటి నాన్నా?" అనడిగితే "కూర్చున్నాయన లేచి వెళ్ళాడ్రా" అనేవాడు. మాకది పెద్ద జోకు. పొద్దున గయలో వెండి తొట్టి మధ్య విష్ణుపాదం చూశాను. ఇక్కడ గుడి ముందు రాతి మీద బుద్ధపాదాలకి పూలు పెడుతున్నారు. రెండు చోట్లా పాదాలే, మనిషి లేడు.

రెండో రోజు తెల్లవారుజామున పొగమంచులో మళ్ళీ వెళ్ళాం. టిబెటన్లు చెక్క పలకల మీద సాష్టాంగాలు పెడుతున్నారు. అరచేతులకి గుడ్డ చుట్టుకుని, జోడించిన చేతుల్ని నెత్తికి, గొంతుకి, గుండెకి ఆనించి, పలక మీద జారుతూ పడుకుని మళ్ళీ లేస్తున్నారు. కాయం, వాక్కు, చిత్తం. మనం త్రికరణశుద్ధిగా అంటామే, వాళ్ళు దాన్ని ఒంటితో చేస్తున్నారు. లక్ష పూర్తిచేయాలని మొక్కుకున్నవాళ్ళుంటారు. ఒక ముసలావిడ పలక, చేతులు ఆడే చోట, అద్దంలా అరిగిపోయింది. పక్కన జపమాల, ఫ్లాస్కు. యాభై సాష్టాంగాలు పెట్టి టీ తాగుతోంది, మళ్ళీ మొదలెడుతోంది. ఆ దరిదాపుల్లోనే ఇంకోవైపు కాషాయం, ఎరుపు, పసుపు వస్త్రాల్లో రకరకాల దేశాల భిక్షువులు వరసలుగా కూర్చుని బౌద్ధుల మూలగ్రంథం త్రిపిటకం పఠిస్తున్నారు. ఏటా డిసెంబరులో జరుగుతుందది.

ఆవరణలో ఏడు చోట్లున్నాయి, జ్ఞానోదయమయ్యాక ఆయన ఒక్కో వారం గడిపినవి. ముచలిందుడనే నాగరాజు వానలో పడగ పట్టిన కథ వినగానే "మన ఆదిశేషుడే" అని అమ్మ తేల్చేసింది. ఆవిడకి బాగా నచ్చింది అనిమేషలోచనం. ఆ చోట నిలబడి రెప్పవాల్చకుండా వారంపాటు చెట్టునే చూస్తూ ఉండిపోయాడట, నీడనిచ్చినందుకు కృతజ్ఞతగా.

అక్కడే బెంచీ మీద నాగపూర్ నుంచి వచ్చిన ఒకాయన కలిశాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, తెల్ల బట్టలు, చేతిలో చిన్న పుస్తకం. గయలో పిండప్రదానం చేసి వచ్చామని చెప్పాను. ఆయన నవ్వాడు గానీ వెక్కిరింపుగా కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ బౌద్ధం తీసుకుని, తనవాళ్ళ చేత చేయించిన 22 ప్రతిజ్ఞలు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఐదోది: బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను. ఆరోది: శ్రాద్ధం చెయ్యను, పిండం పెట్టను. నిన్న 'బౌద్ధావతారే' అని సంకల్పం చెప్పుకుని పిండం పెట్టి వచ్చిన నేను, రెండింటికీ వరసగా దొరికిపోయాను.

ఆయన ఇంకో కథ చెప్పాడు, త్రిపిటకంలో బుద్ధుడి ఉపదేశాలున్న సుత్తపిటకంలోదే. నలందలో ఒక ఊరిపెద్ద బుద్ధుణ్ణి అడిగాడట: మంత్రాలతో పోయినవాళ్ళని స్వర్గానికి పంపుతామని కొందరు అంటున్నారు, మీరూ చెయ్యగలరా? దానికి బుద్ధుడు: లోతైన చెరువులో బండరాయి వేసి, గట్టు మీద జనం చేరి 'రాయీ, తేలు' అని వేడుకుంటే తేలుతుందా? నేతి కుండ నీళ్ళలో పగిలితే పెంకులు మునుగుతాయి, నెయ్యి తేలుతుంది. 'నెయ్యీ, మునుగు' అంటే మునుగుతుందా? ఎవరి కర్మ వాళ్ళది. అమ్మకి తెలుగులో చెప్పాను. కాసేపు ఆలోచించి "మీ నాన్న నెయ్యేలే" అంది.

మధ్యాహ్నం నిరంజనా నది దాటి, బుద్ధుడికి పాయసం పెట్టిన సుజాత పేరున ఉన్న స్తూపం చూశాం. ఇదే నది కిందికి వెళ్ళి మోహనా నదితో కలిసి ఫల్గు అవుతుంది. ఇక్కడ డ్యాము లేదు, ఇసుకే. అమ్మకి కావలసిన నది ఇక్కడ దొరికింది.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. చెట్టుకి కొంచెం దూరంలో శ్రీలంక యాత్రికులు ఇరవైమంది దాకా, అందరూ తెల్లబట్టల్లో, చాపల మీద కూర్చున్నారు. ఇక్కడి ఆనాటి చెట్టు కొమ్మనే అశోకుడి కూతురు సంఘమిత్ర అనురాధపురానికి తీసుకెళ్ళిందని వాళ్ళ నమ్మకం. వాళ్ళకిది పుట్టింటికి రావడం లాంటిది. ముందు త్రిశరణాలు, తరవాత పంచశీల పలికారు. 'పాణాతిపాతా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి.' చంపకు అన్న ఆజ్ఞ కాదది. చంపకుండా ఉండే శిక్షణ నేనే తీసుకుంటున్నాను అని. భిక్షువులకి వస్త్రాలిచ్చారు. ఆపైన ఒక పెద్దావిడ ఇత్తడి కూజా తీసుకుంది. ఎదురుగా పళ్ళెం, అందులో చిన్న గిన్నె. భిక్షువులు పాళీలో చదువుతుంటే సన్నని ధారగా గిన్నెలోకి నీళ్ళు పొయ్యడం మొదలెట్టింది. వెనకవాళ్ళు ఆవిడ మోచేతిని పట్టుకున్నారు, వాళ్ళ భుజాల్ని ఇంకొకరు.

అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఏరా, వీళ్ళూ నీళ్ళొదులుతున్నారే!"

ఆ మాట పెద్దావిడకి అర్థమై ఉండదు. అమ్మ ముఖం అర్థమై ఉంటుంది. ఎడంచేత్తో రమ్మని సైగ చేసింది. మోకాళ్ళ నొప్పులతో పది మెట్లు దిగడానికి నన్ను పట్టుకునే మనిషి, చాప మీదికి ఒక్కతే వంగి వెళ్ళి ఆ కూజా అడుగున చెయ్యి వేసింది. గిన్నె నిండింది, పొర్లింది, పళ్ళెంలోకి జారింది. అయినా ధార ఆపలేదు. పొర్లాలి, అదే పద్ధతి. చివరి బొట్టు దాకా ఇద్దరూ కూజా వదల్లేదు. ఆవిడ ఎవరికోసం పోసిందో మాకు తెలియదు. అడగడానికి భాష లేదు.

గుంపుతో ఉన్న ఒక భిక్షువుకి హిందీ వచ్చు. భిక్షువుని భంతే అని పిలుస్తారు. ఇందాక చదివిందేమిటని అడిగాను. 'ఇదం మే ఞాతీనం హోతు, సుఖితా హోంతు ఞాతయో.' ఇది నా బంధువులకి చెందాలి, వాళ్ళు సుఖంగా ఉండాలి. ఆ తరవాతది: నిండిన వాగులు సముద్రాన్ని నింపినట్టు, ఇక్కడిచ్చినది పోయినవాళ్ళకి చేరుతుంది. మగధ రాజు బింబిసారుడు బుద్ధుడికి దానమిచ్చి, పోయిన తన బంధువుల మాట మర్చిపోయాడట. రాత్రి వాళ్ళు ఆకలితో గోడల అవతల నిలబడి ఏడిస్తే, మర్నాడు బుద్ధుడు ఈ మాటలు చెప్పాడని కథ. అందులోనే ఇంకో మాటుంది: ఏడుపు, శోకం పోయినవాళ్ళకి ఎందుకూ పనికిరావు.

నాగపూర్ ఆయన ప్రశ్న నాలో ఉండనే ఉంది. "ఆత్మే లేదంటారు, ఎవరి కర్మ వాళ్ళదంటారు. మరి ఈ నీళ్ళు ఎవరికి చేరతాయి భంతే?"

ఆయన చెట్టు చుట్టూ వెలుగుతున్న దీపాలు చూపించాడు. ఒక దీపంతో ఇంకోటి వెలిగిస్తే అందులోంచి ఇందులోకి వస్తువేదీ రాలేదు, అయినా అది లేకపోతే ఇది లేదు. మిలిందరాజుకి నాగసేనుడనే భిక్షువు చెప్పిన పోలిక అది. పుణ్యం మనియార్డరు కాదట. మనం మంచి చేసి వాళ్ళని తలుచుకుంటాం, వాళ్ళు అది చూసి సంతోషిస్తారు, ఆ సంతోషమే వాళ్ళ సొంత పుణ్యం. అనుమోదనం అంటారు. నాకు పూర్తిగా నప్పిందని చెప్పను. నేతి కుండ కథ, నీళ్ళ కూజా, రెండూ ఒకే పిటకంలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. భంతే మాత్రం ఆ నీళ్ళు తీసుకెళ్ళి మొక్కల మొదట్లో పోసేశాడు.

లేవబోతుంటే గాలికి ఒక ఆకు అమ్మ ఒళ్ళో పడింది. బోధివృక్షం ఆకు రాలితే పదిమంది పరిగెడతారు, దొరకడం అదృష్టం. పొడుగ్గా సాగిన తోక, ఈనెలు తేలి, పసుపు తిరిగింది. నాకు ఇవ్వబోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"రావి ఆకు నిన్న గయలో వదిలేశానమ్మా."

"అందులో తినడం వదిలావురా, దాచుకోవడం కాదు" అని, సంచీలోంచి విష్ణుసహస్రనామం పుస్తకం తీసి, పేజీల మధ్య పెట్టుకుంది.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం వంటింట్లోంచి గుత్తివంకాయ వాసన వచ్చింది. పిల్లలు అడిగారట. నూనె తేలిన గిన్నె బల్ల మీద పెట్టి, నా కంచంలో ఒకటి వేసి, నిలబడింది.

"ఉప్పు సరిపోయిందా చూడు. నేను చూడకూడదుగా."