కొండకర్ల ఆవలో తూటికూర, తూటికాడ

విశాఖ నుంచి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి చాలామంది పక్షుల కోసం వెళ్తారు. నేను మాత్రం ఒడ్డున పూసే ఒక పువ్వు కోసం వెళ్లాను. గాజువాక, లంకెలపాలెం దాటి, అనకాపల్లి దగ్గర అచ్యుతాపురం రోడ్డు పట్టుకుంటే మొత్తం సుమారు 50 కిలోమీటర్లు.

తాటిమానులు తొలిచి జతగా కట్టిన దోనెలో కూర్చున్నాం. తామరాకులు దాటేసరికి నీటి అంచు పొడవునా లేత ఊదారంగు బాకా పూలు. అదే తూటికాడ, కొన్నిచోట్ల లొట్టపీసు అంటారు. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన చెరువులు చాలావాటిని ఆక్రమించింది.

దాని పక్కనే తూటికూర. ఒకటి విషం, ఒకటి కూర. దగ్గరి చుట్టాలు కాబట్టి కాడ విరిస్తే రెండింటికీ పాలు కారతాయి, రెండూ లోపల డొల్లే. ఆ గుర్తుల్ని నమ్ముకుని కోయకండి. పెరిగే తీరు చూడండి. తూటికాడ మనిషెత్తున నిలబడుతుంది, మొదలు కట్టెలా ముదురుతుంది, పెద్ద ఆకు హృదయాకారంలో ఉండి కొస సాగుతుంది. తూటికూర నీళ్ల మీదో బురదలోనో పాకుతుంది, కణుపు కణుపుకీ వేళ్లు దిగుతాయి, ఆకు ఎక్కువగా బాణం ములుకులా ఉంటుంది. ఎండిన తూటికాడ కాయ ఒకటి చిదిమాను. నల్లటి గింజల నిండా గోధుమరంగు నూగు, వేళ్లకి పట్టులా తగిలింది.

గట్టు మీద మేకలు కాస్తున్న ఒకావిడని అడిగాను, ఇవి తూటికాడని తినవా అని.

"మామూలుగా ముట్టవు బాబూ. ఎండాకాలం పచ్చిక లేకపోతే తింటాయి. ఒకపాలి మరిగితే ఇంక మానవు. తల వణుకుద్ది, తూలిపోతాది."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తూటికాడలోని స్వైన్‌సొనైన్ అనే విషం కణాల్లో చక్కెరల్ని విడగొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. అవి పేరుకుపోయి నరాలు దెబ్బతింటాయి. ఆ విషాన్ని తయారుచేసేది మొక్క లోపల కాపురముండే శిలీంధ్రం, గింజతో పాటే తర్వాతి తరానికీ వెళ్తుంది. దీనికి మందు లేదు. మొదట్లోనే ఆ మేత మాన్పిస్తే మేక కోలుకోవచ్చు, ముదిరితే కష్టం.

ఇంత తెలిసీ కంచె కోసం దీన్నే నాటుతుంటే మనసు ఒప్పదు. కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుందని నాటుతారు, అదే ప్రమాదం. కంచెకి వావిలి కొమ్మ కూడా అలాగే బతుకుతుంది, మేకలు దాన్నీ పెద్దగా ముట్టవు. ఆవిడకి అదే చెప్పాను. ఉన్న తూటికాడని నరికి గట్టున పడేస్తే తడి తగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో సహా పెకలించి, నీటికి దూరంగా, మేకలకి అందకుండా ఎండలో పూర్తిగా ఎండనివ్వాలి.