గంట కొట్టాను

"సర్వర్ డౌన్ అయితే మోగించండి సార్" అని చీటీ. పొద్దున బ్యాంకుకు వచ్చేసరికి నా కీబోర్డ్ పక్కన అరచేతిలో పట్టేంత ఇత్తడి గంట.

మా క్యాషియర్ అమ్మాయి పని. దసరా గిఫ్టట. వాళ్లది జనగామ వైపు, పెంబర్తి నుంచి తెచ్చిందట, పోయినేడు ఇచ్చిన స్ట్రెస్ బాల్ మార్చి ఎండింగ్‌కే పగిలిపోయింది కదా, ఇది మాత్రం పగలదని గ్యారంటీ కూడా ఇచ్చింది.

పదకొండున్నరకు సర్వర్ పోయింది. ఎల్లుండి సద్దుల బతుకమ్మ, హన్మకొండ సగం మా కౌంటర్ ముందే ఉంది. టెన్షన్‌లో నిజంగానే గంట కొట్టాను.

లైన్‌లో మొదట ఉన్న అవ్వ పాస్‌బుక్ చంకలో పెట్టుకుని కళ్లు మూసుకుని దండం పెట్టింది. వెనకాయన చెప్పులు విప్పబోయాడు, ఒట్టు.

సర్వర్ మూడింటికి వచ్చింది. గంట మేనేజర్ సార్ డ్రాయర్‌లో ఉంది, పండగయ్యాక ఇస్తాడట.