అనాన్ అన్న మాట

పొద్దున పప్పుకు పోపు పెడుతుండగా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వచ్చింది. "అమ్మా, అనాన్ అంటే అనానిమస్‌కు పొట్టి రూపమా?"

"ఇది వేరే మాట. కాసేపట్లో అని అర్థం. ఇప్పుడే వచ్చి వివరంగా చెబుతాను" అన్నాను. అంతలో స్కూలు బస్సు వచ్చేసింది.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక నిఘంటువు తీశాను. ఈ మాట పాత ఇంగ్లీషులోని 'ఆన్ ఆన్' నుంచి వచ్చిందట. రెండో 'ఆన్' అంటే ఒకటి. అంటే మొదట దాని అర్థం 'ఒక్కసారిగా, తక్షణమే'. అది క్రమంగా 'కాసేపట్లో'కి జారింది. ఇప్పుడు 'త్వరలో' అని అర్థమిచ్చే సూన్, ప్రెజెంట్లీ కూడా ఒకప్పుడు 'వెంటనే' అన్న అర్థమున్న మాటలే. వస్తున్నామన్నవాళ్లు వెంటనే రాకపోతే, వినేవాళ్ల చెవికి ఆ మాటే ఆలస్యంగా వినబడుతుంది కదా!

షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకం మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అనే కుర్రవాడు ఉంటాడు. లండన్ మద్యశాలలో పని. యువరాజు ఎదురుగా నిలబెట్టి మాట్లాడిస్తుంటే, పక్కగది నుంచి ఆ యువరాజు స్నేహితుడు పిలుస్తూనే ఉంటాడు. "అనాన్, అనాన్, సర్" అంటూనే ఎటు వెళ్లాలో తెలియక కుర్రవాడు నిలబడిపోతాడు. అది వాళ్లిద్దరూ కావాలని ఆడించిన ఆట. చదివినప్పుడల్లా నాకు నవ్వు రాదు. ఇంకా అయిదేళ్లు అక్కడే చాకిరీ చేయాల్సిన పిల్లవాడు. అతను అబద్ధమాడలేదు, వాళ్లు కదలనివ్వలేదంతే.

ఇప్పుడు ఈ మాట వాడుకలో అరుదు. 'దీని గురించి మళ్లీ చెబుతాను' అనేచోట ఎవరైనా రాస్తారు. 'ఎవర్ అండ్ అనాన్' అంటే అప్పుడప్పుడూ అని.

మన 'త్వర' సంగతీ ఇంతే. త్వరగా రమ్మంటే పరుగున రావాలి. త్వరలో వస్తానంటే ఆ రాక ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఒక్క ప్రత్యయం మారేసరికి తొందరంతా పోయింది.

సాయంత్రం ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది. "త్వరలో వస్తానమ్మా" అనబోయి ఆగాను. సంక్రాంతి నుంచి అదే చెబుతున్నాను.

"శనివారం వస్తాను. ఉదయం బస్సుకే."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పెరట్లో వంకాయలు కోయకుండా ఉంచుతాను" అంది.

రాత్రి పడుకునే ముందు అమ్మాయికి ఫ్రాన్సిస్ కథ చెప్పాను. "మరి చివరికి ఏ గదికి వెళ్లాడు?" అని అడిగింది.