బాఖాల్ప్ కాదు, పాకాల

"బాఖాల్ప్‌జే అని ఒక చెరువుంది బాపూ, ఆదివారం పోదాం" అని మా బిడ్డ అన్నప్పుడు మా ఇంటామెకు వినబడ్డది "పాకాల". "నర్సంపేట పక్కన చెరువు చూడనీకి స్విట్జర్లాండ్ దాక రావాల్నా?" అన్నది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు పాకాలే. జర్మన్‌లో 'జే' అంటే చెరువని అల్లుడు చెప్పాడు. కాబట్టి తప్పేమీ లేదు, పాకాల చెరువు.

నేను చిన్న నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు చేసి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరయ్యాను. చెరువంటే నాకు కట్ట, తూము, మత్తడి అంటే అలుగు, శిఖం అంటే చెరువు లోపలి భూమి, ఆయకట్టు. ఏ చెరువుకు పోయినా గండి పడ్డదనో, పూడిక లెక్కకనో, శిఖం భూమి కొట్లాటకో పోయినవాణ్ణే. అందం చూద్దామని టిఫిన్ డబ్బా కట్టుకుని చెరువుకు పోవడం నా సర్వీసులో లేదు.

బెర్న్ నుంచి రైల్లో గ్రిండెల్‌వాల్డ్. ఊరు 1,034 మీటర్ల ఎత్తులో. ఎదురుగా ఐగర్ కొండ, 3,967 మీటర్లు, ఊరి మీదికి గోడ లేపినట్టు ఉంటుంది. అక్కడ ఆరుగురు కూర్చునే డబ్బాలు తీగ మీద పోతుంటాయి. బోర్ట్, ష్రెక్‌ఫెల్డ్ అని రెండు స్టేషన్లు దాటి పాతిక నిమిషాల్లో ఫిర్స్ట్ అనేచోట దింపుతాయి. ఎత్తు 2,167 మీటర్లు. ఫిర్స్ట్ అంటే జర్మన్‌లో ఇంటి కొప్పట. పేరు కుదిరింది, కొప్పు మీద నిలబడి లోయంతా చూసినట్టే ఉంది.

ఫిర్స్ట్ నుంచి నడిచి పోవాల్సిన చెరువు 2,265 మీటర్ల దగ్గర. అంటే మూడు కిలోమీటర్లకు వంద మీటర్ల ఎక్కుడు, సగటున ముప్పైకి ఒకటి వాలు. మా చెరువు కట్టలెక్కే ర్యాంపులు ఇంతకన్నా నిటారుగా ఉంటాయి. దీనికి గైడెందుకు, డబ్బు దండగ అని బిడ్డతో అన్నాను కూడా. దారి బండి బాటంత వెడల్పు, పసిపిల్లల తోపుడు బండ్లు కూడా పోతున్నాయి.

సగటు లెక్క అక్కడే మోసం చేసింది. ఎక్కుడంతా దాదాపు మొదట్లోనే ఉంది. నేను సైటు ఇన్‌స్పెక్షన్‌కు పోయినట్టు ముందు పడి నడిచాను. పది నిమిషాలకు ఎగపోత. గైడమ్మ యాభై దాటిన మనిషి, అక్కడి ఊరామె. ఏమీ అనలేదు. తన చేతికర్రలు రెండూ నాకిచ్చి, సరిగ్గా తన వెనకే నడవమన్నది. ఆమె నడక చూస్తే పెళ్లిలో అప్పగింతలప్పటి నడక. నడుస్తూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. జవాబు చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టు లెక్కట, అది తర్వాత అల్లుడు చెప్పాడు. పసుపు బోర్డు మీద దూరం ఉండదు, టైమే ఉంటుంది. 50 నిమిషాలని రాసినదానికి మాకు గంటా ఇరవై పట్టింది.

మెల్లగా నడిస్తే దొరికేది ముచ్చట్లు. దారికడ్డంగా ఆవులు, మెడలో ఒక్కోటి చెంబంత గంట. దూడలున్న ఆవుల దగ్గరికి పోవద్దని గైడమ్మ హెచ్చరించింది. ఇవి ఎవరివని అడిగాను. గ్రిండెల్‌వాల్డ్ కొండల మేత మొత్తం ఏడు సంఘాల కింద పంచుకుని ఉంటుందట. ఇక్కడిది బాఖ్ సంఘం. కింద లోయలో భూమి ఉన్నవాడికే పైన మేత హక్కు. చలికాలం సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని సాకగలడో అన్నే ఎండాకాలం కొండెక్కాలి. ఎవరో పట్నం సేటు వంద ఆవులు కొనుక్కొచ్చి తోలుతానంటే కుదరదు.

నాకు మా ఊరి నీరటి, చెరువు నీళ్లు వంతులవారీగా వదిలేవాడు, గుర్తొచ్చాడు. ఆయకట్టులో నీ మడి ఎంతో అంతకే తూము నీళ్లు. వంతు ఎప్పుడో ఆయన నోటి మాటే రికార్డు. అల్లుణ్ణి మధ్యలో పెట్టుకుని ఆమెకు ఇది చెప్పేసరికే మిగతా దారి అయిపోయింది. ఒకచోట ఎవరో ఈల వేశారనుకున్నాను. బండల్లోంచి పందికొక్కుకు పెద్దన్నలాంటి జంతువు, మార్మోట్, నిక్కి చూసి బొరియలోకి దూరింది.

చెరువు వచ్చింది.

ఎనిమిది హెక్టార్లు, అంటే 20 ఎకరాలు. మావైపైతే కుంట అంటాం! నవ్వొచ్చింది. దీనికా దేశదేశాల జనం? తర్వాత గాలి ఆగింది. నీళ్లలో ష్రెక్‌హార్న్ కొండ తలకిందులుగా నిలబడింది, 4,078 మీటర్లది, మంచుతో సహా. ఎడమకు వెటర్‌హార్న్. ఒక నిమిషం నా లెక్కలు నడవలేదు.

గాలి మళ్లీ లేవగానే నడిచాయి. తూము ఎక్కడ అని చూశాను. లేదు. చూస్తే అది ఒక్క చెరువు కాదు, రెండు. మధ్యలో ఎవరూ పోయని కట్ట. కింది చిన్న చెరువు ఆరు మీటర్ల దిగువన ఉంది. గొలుసుకట్టు! పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండడం కాకతీయుల పనితనమని కుర్ర అసిస్టెంట్ ఇంజినీర్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఇక్కడ మనిషి చెయ్యి పడకుండానే ఉంది. ఈ నీళ్లు చివరికి లూచినే నదిలో కలిసి, బ్రియెంజ్ సరస్సు, ఆరే, రైన్ మీదుగా ఉత్తర సముద్రానికి పోతాయి. నేను చూసినంతలో వరి మడి ఒక్కటి లేదు. అది మాత్రం నాకు కొంచెం కష్టమనిపించింది.

ఒడ్డున బురద నేలలో తెల్లగా దూది పువ్వులు. వరంగల్ మనిషిని, పత్తే అనుకుని చెయ్యి పెట్టాను. గడ్డి! పత్తి గడ్డి అనే దాని పేరట కూడా.

మా ఇంటామె మాత్రం కట్ట మీద అటూ ఇటూ వెతుకుతోంది. "ఇగో, కట్ట మైసమ్మ ఏది?" అన్నది. లేదన్నాను. "గట్లెట్లుంటది? కట్టున్నకాడ మైసమ్మ ఉండదా?" అని నీళ్ల పక్కన ఒక బండ చూసుకుని, సంచిలోంచి రెండు సకినాలు తీసి దాని మీద పెట్టి దండం పెట్టింది. గైడమ్మ గబగబా వచ్చింది. ఇక్కడ తిండి ఏదీ వదలకూడదని, జంతువులు అలవాటు పడతాయని మెత్తగానే చెప్పింది. బిడ్డ సిగ్గుతో తల దించుకుంది.

మా ఇంటామె తొణకలేదు. "చూపిచ్చిన, చాలు" అని సకినాలు వెనక్కి తీసుకుని ఒకటి నా చేతిలో, ఒకటి గైడమ్మ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆ చుట్లు యంత్రంతో చేస్తారా అని అడిగింది. చేత్తోనే అని వేళ్లు తిప్పి చూపించేసరికి, తిరుగు దారంతా ఆ ఇద్దరూ ముందు నడిచారు, నేను కర్రలతో వెనక.