ఉత్తరాన ఒక అన్నాచెల్లెళ్ల గట్టు

ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేకి చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో లాంగియర్‌బ్యెన్ అనే ఊరుంది. అక్కడ పొగమంచు వల్ల రెండు రోజులు ఇరుక్కుపోయాం. అక్కడి నుంచి న్యూ ఓలెసన్‌కు వెళ్ళేది పద్నాలుగు మంది పట్టే చిన్న డోర్నియర్ విమానం. ప్రయాణం అరగంట కూడా ఉండదు. ఆ అరగంట కోసం పొద్దున్నే సామాను కట్టుకుని కూర్చోవడం, పదింటికల్లా ‘ఇవాళ లేదు’ అనిపించుకోవడం. రెండు రాత్రుల గది అద్దె వైజాగ్ హాస్టల్లో నా నాలుగు నెలల మెస్ బిల్లంత అయింది. ప్రాజెక్టు డబ్బు తర్వాత వస్తుంది, ముందు మన కార్డే గీకాలి. నాలా సముద్రం మీద పీహెచ్‌డీ చేసే పిల్లల దగ్గర అంత డబ్బు ఎక్కడుంటుందని ఎవరూ ఆలోచించరు. నేను బయలుదేరే ముందు అమ్మ తన గొలుసు తాకట్టు పెట్టింది. ఆ సంగతి కార్డు గీకిన ప్రతిసారీ గుర్తొచ్చేది.

రెండో రోజు సాయంత్రం సూపర్‌మార్కెట్లో మిరపకాయల కోసం వెతుకుతుంటే ఒక థాయ్ ఆంటీ పలకరించింది. అక్కడ థాయ్‌లాండ్ వాళ్ళు చాలామంది ఉన్నారు. స్వాల్బార్డ్‌లో ఉండటానికి, పని చేసుకోవడానికి వీసా అక్కర్లేదు, అందుకే వచ్చామంది. నాకేమో వీసా పేరు చెబితేనే గుండె దడ. స్వాల్బార్డ్‌కి వీసా వద్దు కానీ నార్వే మీదుగా వెళ్ళి, మళ్ళీ నార్వే మీదుగానే రావాలి. అంటే రెండుసార్లు ప్రవేశం ఉన్న షెంజెన్ వీసా, అదే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. మా ఊరి పిల్లకి ఇది ఎవరు చెబుతారు? ఒక్కసారి ప్రవేశానికే అప్లికేషన్ నింపించారు. చివరి నిమిషంలో గమనించి మళ్ళీ పెట్టుకున్నాను. రెండు వారాలు నిద్ర లేదు. ఈ కథంతా విని ఆవిడ తన సంచీలోంచి ఎండుమిరపకాయల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మూడో రోజు మబ్బు విడిచింది.

న్యూ ఓలెసన్ ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక తవ్వకం ఆపేశారు. ఇప్పుడు పది దేశాల పరిశోధకులు ఉంటున్నారు. 2008 నుంచి మన దేశపు పరిశోధన స్టేషన్ ‘హిమాద్రి’ కూడా అక్కడే ఉంది. వైఫై, బ్లూటూత్ నిషేధం. క్వేజార్లనే సుదూరపు నక్షత్రవీధుల వెలుగు కేంద్రాల నుంచి వచ్చే సన్నటి రేడియో సంకేతాలు పట్టుకునే పెద్ద యాంటెన్నాలు ఉన్నాయి, వాటికి మన ఫోన్లు అడ్డం. ధ్రువపు ఎలుగుబంటి భయం ఉంది కాబట్టి ఊరు దాటాలంటే తుపాకీ కాల్చడం నేర్చుకోవాలి. అదే భయంతో ఇళ్ళకు తాళాలు వెయ్యరు. ఎవరైనా పరిగెత్తుకొస్తే ఏ తలుపు తోసినా తెరుచుకోవాలి. తిండి అందరికీ ఒకే మెస్సులో. నా మిరపకాయలు జర్మన్ అమ్మాయికి, కొరియన్ అబ్బాయికి పంచాను. ముగ్గురం ఒకే వయసువాళ్ళం, ముగ్గురికీ కాంట్రాక్టు ఎన్నాళ్ళుంటుందో తెలియని ఉద్యోగాలే.

ఆ వారంలో మిగతా రోజులన్నీ కలిసిపోయాయి. రాత్రి పడని జూలై అది, ఏది సోమవారమో ఏది గురువారమో తెలియలేదు. పడవ ఎక్కిన రోజు మాత్రం గంట గంటా గుర్తుంది.

పేరు కాంగ్స్‌ఫ్యోర్డెన్. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. నీళ్ళలో పడితే నిమిషాల్లో కొయ్యబారిపోతామని ఒళ్ళంతా కప్పే రబ్బరు సూటు తొడిగారు. దారిలో పడవ నడిపే ఆయన చెయ్యి చూపించి “మీ ఇండార్క్ ఇటువైపే” అన్నాడు. 2014లో మనవాళ్ళు 192 మీటర్ల లోతున దింపిన పరికరాల గొలుసు అది, ఆర్కిటిక్‌లో మన మొదటిది. నేను దాని లెక్కలతో రెండేళ్ళుగా పని చేస్తున్నాను. స్క్రీన్ మీద ఉప్పు, వేడి గీతలుగా మాత్రమే తెలిసిన నీరు పడవ కింద ఊగుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఇంకా లోపలికి వెళ్ళాక క్రోనెబ్రీన్ హిమానీనదం కనబడింది. దాని ముందు నీరు ఎర్రగా ఉంది. ఇటు నీలం, అటు ఇటుకరంగు, మధ్యలో కొలబద్ద పెట్టి గీసినట్టు నురగ గీత. గీత పొడుగునా మంచుముక్కలు పేరుకున్నాయి. నేను గట్టిగా “అన్నాచెల్లెళ్ల గట్టు!” అని అరిచాను. తెలుగులో అరిచానని జర్మన్ అమ్మాయి ముఖం చూశాకే తెలిసింది.

మాది సఖినేటిపల్లి పక్క ఊరు. నాన్న రేవులో పంటు మీద పనిచేస్తాడు. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఇటు గోదావరి రంగు, అటు సముద్రం రంగు కలవకుండా నిలబడే గీతని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. వానాకాలం మొదటి వరద ఎర్రనీరు దిగినప్పుడు నాన్న నన్ను తీసుకెళ్ళి చూపించాడు, అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఎండాకాలం వస్తే ఏటి నీరు చేత్తో తీసి నాలిక మీద వేసేవాడు. “పైన చప్పగానే ఉందమ్మా, అడుగున ఉప్పు ఎక్కేసింది” అనేవాడు. ఎమ్మెస్సీలో అదే సంగతికి బొమ్మ గీసి పేరు పెట్టారు.

ఇక్కడ ఎరుపు కొండరాళ్ళది. మంచు రాయిని అరగదీస్తుంది, ఆ పిండిని కరిగిన నీరు మోసుకొస్తుంది. కాకపోతే గోదావరి సముద్రం మీదుగా పరుచుకుంటుంది. ఇక్కడి ఏరు హిమానీనదం అడుగునుంచి, సముద్రం లోపలే బయటపడుతుంది. మంచినీరు తేలిక, అందుకని పైకి తన్నుకొస్తూ అడుగు నీటినీ తనతో లాక్కొస్తుంది. అడుగు నీరు పైకి రావడం మాకు కొత్త పాఠం కాదు. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వైజాగ్ తీరంలోనే దీన్ని కొలిచారు. అక్కడ ఆ పని గాలిది, ఇక్కడ కరిగే మంచుది.

నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి తెల్ల పళ్ళెం తాడుకి కట్టి దింపాను. నీలం వైపు చాలా మీటర్లదాకా కనబడింది. ఎరుపు వైపు అరమీటరు దిగకముందే మాయమైంది. దూరంగా మంచుగోడ విరిగి పడింది. ముందు గోడ జారడం కనబడింది, ఆ తర్వాత ఉరుము వినబడింది. జీపీఎస్‌లో వేసిన పాత మ్యాపు ప్రకారం మా పడవ మంచు మీద ఉంది. అంత వెనక్కి పోయింది హిమానీనదం. పడవాయన చలికాలం సంగతి చెప్పాడు. 2006 నుంచి ఈ పాయ మునుపటిలా గడ్డకట్టడం లేదు, అట్లాంటిక్ వేడినీరు లోపలికి వస్తోంది. చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. సొంత ఊరి చెరువు ఎండిపోయిందని చెప్పేవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది.

ఆ రాత్రి స్టేషన్లో వైరు ఇంటర్నెట్ మీద నాన్నకి ఫోన్ చేశాను.

“నాన్నా, ఇక్కడా గట్టు ఉంది.”

“ఎర్రనీరా?”

“ఎర్రనీరే. మంచులోంచి వస్తోంది.”

కాసేపు మాట్లాడలేదు. “పిట్టలు ఎక్కడ వాల్తున్నాయమ్మా?”

“ఎరుపులోనే, మంచుగోడ దగ్గర. గుంపులు గుంపులుగా.”

“అయితే తిండి అక్కడే ఉంది. వల అక్కడ వెయ్యాలి.”

మా ప్లానులో వల నీలం వైపే ఉంది. గోడ విరిగి పడుతుంది కాబట్టి దగ్గరికి పోకూడదన్నది నిజమే, కానీ గీత దగ్గర ఆగడానికి అడ్డేమీ లేదు. పొద్దున్నే మా టీమ్ లీడర్‌ని అడిగాను, “సార్, గీత మీద ఒక్కసారి, ఎరుపులో ఒక్కసారి.” ఆయన గడియారం చూసుకుని ఇరవై నిమిషాలిచ్చారు.

నీటిలో తేలే చిన్న జీవులు, అంటే ప్లాంక్టన్, పట్టే సన్న కన్నుల వల దింపి చేదుకున్నాం. నీలం వైపు సీసాలో నీరు దాదాపు తేటగా ఉంది. ఎరుపు సీసా వెలుతురుకి ఎత్తి పట్టాను. మట్టి మెల్లగా దిగుతుంటే, దాని మధ్యలోంచి గసగసాలంత పురుగులు వందల్లో ఈదుతూ పైకొస్తున్నాయి. జర్మన్ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సీసా మీద లేబుల్ రాయమంటే, స్టేషన్ నంబరు కింద తెలుగులో ‘గట్టు’ అని కూడా రాశాను.