హాంకాంగ్ వాళ్లకు ఏ చైనీస్ చూపించాలి?

సింగపూర్ వచ్చిన రెండో ఏడు ఆఫీసులో నాకు ఒక టికెట్ (సరిచేయమని వచ్చే ఫిర్యాదు) వచ్చింది. మా హోటల్ బుకింగ్ సైట్ హాంకాంగ్‌లో తెరిస్తే "తప్పు చైనీస్" కనిపిస్తోందట. నాకు చైనీస్ రాదు. పేజీ చైనీస్‌లోనే వస్తోంది కదా, ఇక తప్పేముందో అర్థం కాలేదు.

టెస్టింగ్ టీమ్‌లో ఉన్న హాంకాంగ్ అమ్మాయిని అడిగాను. ఆమె కాగితం మీద 'ప్రేమ' అన్న అక్షరాన్ని రెండు రకాలుగా రాసింది. పాత లిపిలో దాని మధ్యలో 'హృదయం' అన్న చిన్న అక్షరం ఉంటుంది. సరళ లిపిలో అది తీసేశారు. "చదవగలను. కానీ ఇది మాకోసం చేసిన సైట్ కాదని మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. అలాంటి చోట కార్డు నంబర్ ఇవ్వబుద్ధి కాదు" అంది.

చైనా ప్రభుత్వం 1956లో అక్షరాలను సరళం చేయడం మొదలుపెట్టి, 1964లో పూర్తి పట్టిక విడుదల చేసింది. సింగపూర్ 1969లో తన సొంత పట్టిక తెచ్చి, 1976లో చైనా పట్టికకే మారింది. హాంకాంగ్, తైవాన్, మకావు మాత్రం పాత లిపిలోనే ఉన్నాయి. రోజూ చైనాటౌన్ మీదుగా ఆఫీసుకు వెళ్తూ కూడా, అక్కడి పాత బోర్డుల మీదా కొత్త బోర్డుల మీదా ఉన్నవి వేరు వేరు రూపాలని నేనెప్పుడూ గమనించలేదు.

తప్పు నా కోడ్‌లోనే ఉంది. బ్రౌజర్ మనకు 'జెడ్‌హెచ్-హెచ్‌కే' అని పంపుతుంది, అంటే హాంకాంగ్ చైనీస్. నేను గీత దగ్గర కత్తిరించి 'జెడ్‌హెచ్' మాత్రమే తీసుకున్నాను. ఆ పేరుతో మా దగ్గరున్న ఒకే ఒక్క అనువాదం ఫైల్ సరళ లిపిది.

ఐపీ అడ్రస్‌ని, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్‌ని బట్టి దేశం కనుక్కుని లిపి మార్చేద్దామన్నాను. ఆమె వెంటనే కాదంది. "తైవాన్‌లోని తైపీ మనిషి పనిమీద చైనాలోని షాంఘై వెళ్తే? నేనిప్పుడు సింగపూర్‌లో లేనా?" బెంగళూరులో పనిచేసిన మూడేళ్లూ నా ఫోన్‌లో కొన్ని సైట్లు వాటంతటవే కన్నడలో తెరుచుకునేవి. కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరే, కూడబలుక్కుని చదివేవాణ్ణి. అయినా ప్రతిసారీ ఏదో చిన్న బాధ. ఆ రోజు ఆమె మాట నాకు పూర్తిగా అర్థమైంది.

అందుకే మొదట మనిషి తనంతట తాను ఎంచుకున్నది, తర్వాత బ్రౌజర్ చెప్పింది, రెండూ లేకపోతేనే దేశం, ఇలా వరుస పెట్టాం. హాంకాంగ్, తైవాన్, మకావు 'హాంట్' (పాత లిపి) ఫైల్‌కి, చైనా, సింగపూర్, మలేషియా 'హాన్స్' (సరళ లిపి) ఫైల్‌కి వెళ్తాయి. పైన భాష బటన్ మీద జెండాలు తీసేసి లిపి పేరు ఆ లిపిలోనే రాశాం.

కష్టమంతా ఫైల్ తయారుచేయడంలోనే. అక్షరానికి అక్షరం మార్చే ప్రోగ్రామ్ రాస్తే ఒక్క సాయంత్రంలో అయిపోతుందనుకున్నాను. సరళ లిపిలో 'ఫా' అన్న ఒక్క అక్షరానికి పాత లిపిలో రెండున్నాయి, ఒకటి 'పంపడం', రెండోది 'జుట్టు'. మా సెలూన్ పేజీలో జుట్టు బదులు మొదటిది పడింది. 'మ్యెన్' సంగతీ అంతే. సరళ లిపిలో ముఖానికీ నూడుల్స్‌కీ ఒకటే అక్షరం, పాత లిపిలో నూడుల్స్‌కి వేరే ఉంది. బ్రేక్‌ఫాస్ట్ మెనూలో బీఫ్ నూడుల్స్ కాస్తా 'బీఫ్ ముఖం' అయింది. ఆమె ఆ పేజీని నాకు వేలు పెట్టి చదివి వినిపించింది. ఆ ప్రోగ్రామ్ పక్కన పడేసి, అనువాదకులను పెట్టమని మేనేజర్‌ని అడిగాను.

లిపి సరిపోయినా మాట సరిపోదు. టాక్సీని చైనాలో 'చూజూఛే' అంటారు, తైవాన్‌లో 'జీఛెంగ్‌ఛే', హాంకాంగ్‌లో 'తిక్‌సీ', ఇక్కడ సింగపూర్‌లో 'తేషీ'. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి ఎలా రావాలో చెప్పే పేజీలో ఆ మాట చాలాసార్లు వస్తుంది. అర్ధరాత్రి విమానం దిగిన మనిషి వెతికేది తన ఊరి మాటనే.

అందుకే 'హాంట్' ఫైల్‌ని హాంకాంగ్‌కీ తైవాన్‌కీ విడివిడిగా రాయిస్తున్నాం. హాంకాంగ్ ఫైల్ పోయిన నెల సైట్‌లోకి వెళ్లింది. తైవాన్‌ది ఇంకా అనువాదకురాలి దగ్గరే ఉంది. అది వచ్చేదాకా తైపీ వాళ్లకు హాంకాంగ్ ఫైల్ చూపిస్తున్నాం, ఆ ఒక్క టాక్సీ పేజీ మాత్రం ముందుగా వాళ్ల మాటల్లో రాయించి పెట్టాం.